పిన్ను కొసన వేలు

ఆంప్లిఫయర్ బతికి ఉందో లేదో మా మామయ్య వేలితో చూస్తారు. దాని వెనక నుంచి వేలాడే వైరు చివర సన్నటి పిన్ను ఉంటుంది. ఆ పిన్ను కొసను చూపుడు వేలికి ఆనిస్తారు. సెట్టు బాగుంటే స్పీకరు బాక్సులోంచి బుర్రుమని మోత వస్తుంది. వేలు తీస్తే బాగా తగ్గిపోతుంది. పాట అక్కర్లేదు, క్యాసెట్టు అక్కర్లేదు, మనిషి వేలు చాలు. పెళ్లికైనా చర్చి కూటానికైనా సెట్లు వ్యాన్ ఎక్కే ముందు ఆయన ఒక్కోదానికీ వేలు ఆనించి, "ఇది పలికింది, ఎక్కించు" అంటారు. పలకనిది గోడ పక్కకు పోతుంది.

జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు గదే మా మైకు సెట్టు షాపు. నేను పుట్టి పెరిగింది నందిగామలో. మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు, నేనూ ఫిజిక్స్‌తో డిగ్రీ చేశాను. కొత్త కోడలి ఉత్సాహంతో ఒకరోజు మామయ్యకు ఆ మోత సంగతి వివరించబోయాను. గోడల్లోని కరెంటు తీగల ప్రభావం మన ఒంటి మీద కొంచెం ఉంటుందనీ, వేలు తాకగానే ఆ కొంచెమే వైరులోంచి పోయి బాక్సులో పెద్దదవుతుందనీ చెప్పాను.

"అయితే నా ఒంట్లో కరెంటుందంటావ్" అన్నారాయన.

"అందరి ఒంట్లోనూ ఉంటుంది మామయ్యా."

"మీ అత్తయ్య ఒంట్లో ఇంకాస్త ఎక్కువుంటదిలే. దగ్గరికి పోతే కొడద్ది."

"నాకు వినపడతందయ్యోయ్!" అని వంటింట్లోంచి అత్తయ్య అరిచింది.

ఆ ఇంట్లో అందరి చెవులూ అంత చురుకు. నాలుగు గదుల అవతల గుసగుసలాడినా పట్టేస్తారు. పాటలో ఎక్కడ కీచుమందో, ఏ బాక్సు గొంతు బొంగురుపోయిందో వీధిలోంచే చెప్పేస్తారు. శబ్దంతో బతికే ఇల్లు. ఆ ఇంటి బిడ్డగా నా కూతురు పుట్టింది. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. నిద్రపోయాక అని ఎందుకు రాశానో తెలియదు. మెలకువగా ఉన్నా నా చప్పుడు దానికి అడ్డు కాదు.

పాప పుట్టిన ఏడాదే మావారు విజయవాడ నుంచి ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చారు. బొటనవేలంత ఉంది. సన్న సెల్లు ఒకటి వేస్తే నడుస్తుంది. బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపుకు తీసుకెళితే అందులోకి పాటలు ఎక్కించి ఇస్తారు. దాంతోపాటు ఒక వైరు కూడా తెచ్చారు. ఒక కొసన ఇయర్‌ఫోన్ బెజ్జంలో పట్టే సన్న పిన్ను, రెండో కొసన ఎరుపూ తెలుపూ పిన్నులు. ఆ రెండింటినీ ఆంప్లిఫయర్ వెనక ఆక్స్ అని రాసి ఉన్న బెజ్జాల్లో గుచ్చి, ముందున్న మీట అటు తిప్పితే, బొటనవేలంత దాంట్లోంచి వచ్చిన పాట వీధంతా మోగుతుంది.

మామయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఏం తిరుగుద్దిరా?"

"ఏం తిరగదు నాన్నా."

"తిరక్కపోతే పాటెట్టా వస్తది?"

"లెక్కలాగా రాసి ఉంటది. అది చదివి పాట చేస్తది."

"లెక్కల్లో నీకెప్పుడూ పాసు మార్కులు రాలా. దానికొస్తయ్యా?" అని ఆయన గోడ నిండా పేర్చిన క్యాసెట్ల వైపు చూశారు. "క్యాసెట్టు నలిగితే పెన్సిల్ పెట్టి తిప్పుకుంటా. ఇది నలిగితే ఏం జేస్తావ్?"

మావారు దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నారు. అయినా ఆ దసరాలకల్లా క్యాసెట్లు అట్టపెట్టెల్లోకి పోయాయి.

నాకు అనుమానం మొదలైంది నందిగామలో. పురిటికి వెళ్లి పాపకు అయిదో నెల వచ్చేదాకా అమ్మ దగ్గరే ఉన్నాను. మా ఇల్లు హైవేకి దగ్గర. పగలూ రాత్రీ లారీలు. సిమెంటు లారీలు హారన్ కొడితే కిటికీ ఊచలు జిల్లుమంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి గుండె పట్టుకుంటారు. పాప ఉయ్యాలలో కదిలేది కాదు. "ఎంత మంచి పిల్లో, నిద్ర చెడగొట్టుకోదు" అని అమ్మ మురిసిపోయేది. ఒకరోజు పెరట్లో పనిమనిషి చేతిలోంచి స్టీలు బిందె జారి బావి గట్టు మీద దొర్లింది. వీధి కుక్క మొరిగింది. పాప మెలకువగా ఉండి, తన పిడికిలి తనే చూసుకుంటోంది. చూసుకుంటూనే ఉంది.

"అమ్మా, దీనికి వినపడటం లేదేమో" అన్నాను.

"నోరు ముయ్యి. చిన్నప్పుడు గాలికి తలుపు కొట్టుకుంటే దెయ్యమనేదానివి. ఇప్పుడు పిల్ల మీద పడ్డావా?"

భయస్తురాలినని పేరుండటం ఎంత నష్టమో అప్పుడు తెలిసింది. నేను చెప్పేది విషయం కాదు, నా జబ్బు. జగ్గయ్యపేట వచ్చాక అత్తయ్యతో అన్నాను. ఆమె పాప బుగ్గ పుణికి, "మీ ఆయన మూడేళ్లు నిండినా 'తాత' తప్ప ఒక మాట పలికితే ఒట్టు. ఇప్పుడు జూడు, మైకిస్తే దిగడు. మా వంశంలో మాట లేటే అమ్మాయ్" అంది.

నేను వెనక నుంచి చప్పట్లు కొట్టి చూసేదాన్ని. పళ్లెం మీద గరిటెతో కొట్టేదాన్ని. ఒక్కోసారి పాప తిరిగేది. తిరిగితే నా ప్రాణం లేచొచ్చేది. మళ్లీ కొడితే తిరిగేది కాదు. నా నీడ పడి తిరిగిందా, గాలి తగిలి తిరిగిందా, నిజంగా విని తిరిగిందా? రోజంతా అదే లెక్క. పిల్లకు నా గొంతు చేరుతోందా లేదా అన్నది తప్ప నాకు లోకంలో ఇంకే ప్రశ్నా లేదు. వంట చేసేటప్పుడూ అదే, ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నప్పుడూ అదే.

అప్పటికి పాప పట్టుకుని నిలబడుతోంది. ఒక సాయంత్రం షాపులో మావారు పెద్ద బాక్సు పెట్టి, ప్లేయర్‌లోంచి చర్చి పాటలు వేసి చూస్తున్నారు. పాప పాకుతూ వెళ్లి బాక్సు పట్టుకుని లేచింది. రెండు అరచేతులూ చెక్క మీద ఆనించింది. తర్వాత మెల్లగా చెంప ఆనించింది. కళ్లు మూసుకుంది. ఆ తర్వాత నవ్వింది, నోరంతా తెరిచి. అలాంటి నవ్వు దాని ముఖంలో అంతకుముందు నేను చూడలేదు.

మావారు పాట ఆపారు. పాప తల ఎత్తి చూసింది. మళ్లీ వేశారు. మళ్లీ చెంప ఆనించి నవ్వింది. ఆపారు, ఎత్తింది. వేశారు, ఆనించింది.

"అమ్మా! అమ్మా! ఇట్రా!" అని ఆయన కేక పెట్టారు.

అత్తయ్య తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. చూసింది. అక్కడే నేల మీద మోకరించి, "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అని ఏడ్చింది. అప్పుడు అర్థమైంది, ఆమె కూడా నాలాగే భయపడుతూ ఉందని. నాతో అనకుండా రోజూ తెల్లవారుజామున పాప చెవుల మీద చేయి పెట్టి ప్రార్థన చేస్తోందట. మామయ్య బాక్సు మీద చేయి వేసి ఊరికే నిలబడ్డారు. నేను గోడకు ఆనుకుని కూలబడిపోయాను. 

మరుసటి ఆదివారం అత్తయ్య చర్చిలో సాక్ష్యం చెప్పింది. మా చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే ఆరాధన అయ్యాక లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. మైకు మాదే, బాక్సులు మావే. "నా మనవరాలికి వినపడదేమోనని నా కోడలు కుమిలిపోయింది. నేను కన్నీళ్లతో అడిగాను. దేవుడు చెవులు తెరిచాడు. పాట పెడితే పెట్టెను కావలించుకుంటంది నా బంగారం" అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు పాపను ఎత్తి జనానికి చూపించారు. అన్ని చప్పట్లకు పాప కళ్లార్పుతూ, చేతులు ఆడటం చూసి తనూ చేతులు ఆడించింది. అందరూ ఇంకా గట్టిగా కొట్టారు. ఆరోజు నుంచి మా పేటలో దాన్ని చెవులొచ్చిన పాప అనటం మొదలుపెట్టారు.

ఆ తర్వాతి రోజులు నాకు దక్కిన మంచి రోజులు. వాటి గురించి రాయటం కష్టంగా ఉంది. అప్పుడు నాకు నిద్ర పట్టేది.

మావారు పాత ఆంప్లిఫయర్ ఒకటి, ఒక మోస్తరు బాక్సు ఒకటి మా గదిలో బల్ల మీద పెట్టి ఇచ్చారు. బల్ల పాప చెంపకు సరిపడే ఎత్తు. ఆ ప్లేయర్‌లో పాటలు వినటమే కాదు, మన గొంతు రికార్డు చేసుకునే వీలు కూడా ఉందని ఒకరోజు మీటలు నొక్కుతుంటే బయటపడింది. తలుపు గడియ వేసుకుని, దాన్ని పెదాల దగ్గర పెట్టుకుని, పాప ముద్దుపేరు పిలిచాను. "అమ్మ దగ్గరికి రా" అన్నాను. ఉయ్యాల ఊపుతూ నాకు నేను కల్పించుకున్న జోల ఒకటి ఉంది, అర్థం లేనిది, అది పాడాను. తర్వాత వైరు గుచ్చి, మీట ఆక్స్ వైపు తిప్పి, బాక్సులోంచి నా గొంతు వేశాను. బయటికొచ్చిన నా గొంతు నాకే కొత్తగా, ఎవరో పెద్దామె గొంతులా ఉంది. పాప వచ్చి చెంప ఆనించింది. నవ్వింది. నా గొంతుకు నవ్వింది.

ఎన్నిసార్లు వేశానో. వంటింట్లోంచి అత్తయ్య, "ఇంట్లో ఒక కోడలుంటేనే గోల. ఇప్పుడు పెట్టెలో ఇంకో కోడలు" అనేది. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని.

కరెంటు ఉన్న ఒక మధ్యాహ్నం. పాపను బాక్సు దగ్గర నిలబెట్టి, నా గొంతు వేసి, పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. పాప చేయి వైరు మీద పడి లాగేసింది. ప్లేయర్‌లోంచి పిన్ను ఊడి నేల మీద పడింది. నా గొంతు ఆగిపోయింది. దాని బదులు, ఏమీ గుచ్చని వైరుకు వచ్చే హమ్మింగు బాక్సులో బుర్రుమంటోంది. ఏడుస్తుందేమోనని తల తిప్పి చూశాను.

పాప నవ్వుతోంది. చెంప బాక్సు మీదే ఉంది. అదే నవ్వు. నోరంతా తెరిచి, కళ్లు మూసుకుని.

నేను మడతపెట్టిన లంగా అలాగే పట్టుకుని ఉండిపోయాను. తర్వాత పిన్ను తీసి ప్లేయర్‌లో గుచ్చాను. నా గొంతు వచ్చింది. పాప నవ్వు కొంచెం తగ్గింది. చెంపను అటూ ఇటూ జరిపి వెతుక్కుంది. పిన్ను పీకి, మామయ్యలా కొస మీద వేలు ఆనించాను. బాక్సు గట్టిగా మోగింది. పాప కిలకిలా నవ్వి రెండు చేతులతో బాక్సును చుట్టేసుకుంది.

నా గొంతు కంటే నా వేలే దానికి ఎక్కువ.

నేను చదివిన చదువు అప్పుడు లేచి నా మీదికొచ్చింది. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి బాక్సు మీద పెట్టాను. హమ్మింగుకు నీళ్ల మీద సన్నటి వలయాలు నిలబడ్డాయి. నా గొంతుకు అక్కడక్కడా వణికాయి. తర్వాత చెవుల్లో దూది కుక్కుకుని, దాని మీద అరచేతులు అదిమి, పాప ఆనించిన చోటే నా చెంప ఆనించాను. పాట దవడ ఎముకలోకి వచ్చింది. పళ్లలోకి వచ్చింది. మాటలు లేవు, రాగం లేదు. ఏదో పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంది. నా కూతురికి లోకం ఇలా వస్తోంది. దీన్ని చూసి నవ్వుతోంది. దీనికే సాక్ష్యం చెప్పాం.

అయినా ఆశ వదల్లేదు. బాక్సును బల్ల మీద నుంచి దించి, మంచం మీద పరుపులో కూర్చోబెట్టాను. పాపను గదికి అవతల, నేల మీద, వీపు ఇటు పెట్టి కూర్చోబెట్టి చేతికి బట్టల క్లిప్పు ఇచ్చాను. శబ్దం మొత్తం పెంచి నా గొంతు వేశాను. "అమ్మ దగ్గరికి రా" అని గది పగిలిపోయేలా పిలిచాను. పక్కింటి ఆమె గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏందమ్మా, కూటమేమన్నా పెట్టావా ఇంట్లో?" అంది. అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. పెట్టెలో నేను పిలుస్తూనే ఉన్నాను. పాప క్లిప్పు నొక్కుతూ, వదులుతూ, నొక్కుతూ ఉంది. దాని జుట్టు మెడ మీద చెమటకు అంటుకుని ఉంది. ఆ మెడ తిరగలేదు.

అత్తయ్యే వచ్చి మీట కట్టేసింది.

"పిల్ల ఆటలో ఉంది. ఆటలో ఉంటే నువ్వు మాత్రం పలుకుతావా?" అంది.

"అత్తయ్యా, దీనికి వినపడట్లేదు. చెక్క అదురుతుంటే అది నవ్వుతోంది. అంతే."

ఆమె ముఖం మారిపోయింది. కోపం అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది భయం. "మందిలో నిలబడి చెప్పా నేను. దేవుడు చేసిన పనిని అబద్ధమంటావా?" అంది. గొంతు తగ్గించి, "చదువుకున్నవాళ్లు నమ్మరే. మీరు నమ్మకపోతే ఇచ్చింది కూడా వెనక్కి పోద్ది" అంది.

ఆ మాట నాలో దిగబడిపోయింది. నా అపనమ్మకం వల్లే పోయిందా? బీఎస్సీ చదివిన మనిషిని, అలా ఆలోచించకూడదు. అయినా ఆ రాత్రి నుంచి ఇవాళ్టి దాకా, దీపం ఆర్పాక, ఆ మాట వచ్చి పక్కన పడుకుంటుంది.

మావారితో చెప్పాను. ఆయన చాలాసేపు వైరు చుట్ట చుట్టి విప్పుతూ ఉన్నారు. "విజయవాడ తీసుకుపోదాం. అమ్మతో మాత్రం ఇంకేం అనకు" అన్నారు. నందిగామలో చుట్టాల ఇంట్లో శుభకార్యమని చెప్పి బయల్దేరాం. నందిగామలో మా అమ్మ బస్సు ఎక్కి నా పక్కన కూర్చుంది. ఈసారి నోరు ముయ్యమనలేదు. దారంతా పాప చెప్పులు చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో పాపకు తియ్యటి మందు తాగించి నిద్రపుచ్చారు. నుదుటి మీద, చెవుల వెనక జిగురు రాసి వైర్లు అతికించారు. ఎర్ర వైరు ఒకటి, తెల్ల వైరు ఒకటి, నల్లది ఒకటి. వాటి కొసలు తీసుకెళ్లి మిషను బెజ్జాల్లో గుచ్చారు. నాకు మా షాపు గుర్తొచ్చింది. మా దగ్గర పాట ప్లేయర్‌లోంచి పెట్టెలోకి పోతుంది. ఇక్కడ చెవిలో చప్పుడు చేసి, లోపలి నుంచి ఏమైనా వస్తుందేమోనని చూస్తున్నారు. బిడ్డ తలకు వైర్లు అంటించి పలుకుతుందా లేదా అని చూస్తున్నారు. "ఇది పలికింది, ఎక్కించు" అని ఎవరైనా అంటారేమోనని నేను కాచుకుని ఉన్నాను.

తెర మీద గీత వచ్చింది. చప్పుడు పెంచారు. గీత అలాగే ఉంది. ఇంకా పెంచారు. మామూలు మనిషికి అది లారీ హారన్ లాంటిదని చెప్పారు. గీత నేల మీద పడ్డ దారంలా పడి ఉంది.

"రెండు చెవుల్లోనూ లేదమ్మా. పుట్టుకతోనే అయ్యుంటుంది" అన్నారు డాక్టరు గారు. ఆయన మెల్లగా చెప్పారు, మర్యాదగా చెప్పారు. "మరి పాట పెడితే నవ్వుతుంది కదండి?" అని మావారు అడిగారు. ఆయనకు అంతా తెలుసు, నేను చెప్పాను. అయినా అడిగారు. "అదురు తెలుస్తుందండి. చర్మానికి తెలుస్తుంది. చెవికి కాదు" అన్నారు డాక్టరు గారు. మావారు తల ఊపారు. వరండాలోకి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

తిరుగు ప్రయాణంలో మా అమ్మ నందిగామలో దిగిపోయింది. దిగుతూ పాప పాదం పట్టుకుని, వదిలి, "నిద్ర చెడగొట్టుకోని పిల్లనుకున్నానే" అంది. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. స్టాండులో అలాగే నిలబడి ఉంది.

ఇంట్లో మావారే చెప్పారు. అత్తయ్య వింటూ పాప ఒంటి మీద పౌడరు రాస్తోంది. రాస్తూనే ఉంది, తెల్లగా అయిపోయేదాకా. మామయ్య లేచి షాపులోకి వెళ్లిపోయారు. కాసేపటికి అక్కడి నుంచి బుర్రుమని మోత, ఆగి, మళ్లీ మోత. ఆరోజు బయటికి పోవాల్సిన సెట్లేమీ లేవు.

చెవి మిషను ఇచ్చారు. చిన్న డబ్బా గుండెల మీద కట్టి, అక్కణ్నుంచి తీగ చెవిలోకి. పాప దాన్ని పీకేస్తుంది. ఒప్పించి పెట్టినా దాని ముఖంలో ఏ మార్పూ కనపడదు. బొమ్మలు చూపించి, గొంతు మీద చేయి పెట్టించి మాటలు నేర్పమన్నారు. రోజూ చేస్తున్నాను. "అమ్మ" అని పెదాలు కలిపి విడదీస్తే అది నా పెదాలను వేలితో తడుముతుంది. నా గొంతు మీద చేయి వేస్తే కాసేపు ఉంచి తీసేస్తుంది. నా గొంతు అంత గట్టిగా అదరదు, బాక్సులాగా.

సాక్ష్యం మాత్రం అలాగే ఉండిపోయింది. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఏ చర్చిలోనూ లేదు. అత్తయ్య ముందు వరసలో కూర్చోవటం మానేసి తలుపు దగ్గర కూర్చుంటుంది. కూరగాయల దగ్గరో రేషన్ షాపు దగ్గరో ఎవరో ఒకరు పాప బుగ్గ గిల్లి, "మన చెవులొచ్చిన పాప కాదూ! ఇప్పుడు పాటలన్నీ వస్తయ్యా?" అంటారు. అత్తయ్య నా వంక చూడకుండా, "ఆఁ, నేర్చుకుంటంది" అంటుంది. నేనూ నవ్వుతాను. 

మా గదిలో బల్ల మీద బాక్సు ఉంచాం. పాపకు ఇప్పుడు అన్నీ తెలుసు. మీట తనే వేస్తుంది. ప్లేయర్ దానికి అక్కర్లేదు, పక్కన పడేస్తుంది. అందులో నా గొంతు ఇంకా ఉంది, పాటల మధ్య ఎక్కడో. వైరు పిన్ను పట్టుకుని కొస మీద తన వేలు పెట్టుకుంటుంది. చెంప ఆనిస్తుంది. తర్వాత మా వేళ్లు వెతుక్కుంటూ వస్తుంది. తాతయ్య వేలు పట్టుకుని లాక్కొచ్చి పిన్నుకు ఆనించి వింటుంది. నాయనమ్మ వేలు, నాన్న వేలు. వినటం అంటున్నాను, ఇంకో మాట దొరక్క. నా వేలు ఆనించినప్పుడు దాని ముఖంలో ఏదైనా తేడా కనపడుతుందేమోనని చూస్తాను. నాది అని తెలుస్తుందేమోనని. నేను చదువుకున్నాను కాబట్టి నాకు తెలుసు, ఎవరి వేలైనా మోత ఒకటే. మామయ్యదైనా, దారిన పోయే మనిషిదైనా. అది అందరికీ ఒకేలా నవ్వుతుంది.

ఈ మధ్య షాపులో ఒక ఆంప్లిఫయర్ కాలిపోయింది. వత్సవాయిలో రోగాలు నయం కావాలని ప్రార్థించే స్వస్థత కూటాలు పెట్టారు, పెద్ద ఆర్డరు. సెట్లు చాలక మావారు సాయంత్రం గదిలోకి వచ్చి, "పాపది కూడా పట్టుకుపోవాలి. కూటాలయ్యాక తెచ్చేస్తా" అన్నారు. బాక్సూ ఆంప్లిఫయరూ ముందు గదిలోకి పోయాయి. మామయ్య అలవాటుగా పిన్ను మీద వేలు ఆనించి, ఏమీ అనకుండా ఎక్కించమని చేయి ఊపారు. ఎప్పుడూ ముందు సీట్లో కూర్చుని వెళ్లే అత్తయ్య గుమ్మంలోనే ఉండిపోయింది. "రావా?" అని మామయ్య అడిగారు. "మోకాళ్లు నొప్పులు. మీరు పోండి" అంది.

వ్యాన్ వెళ్లాక నేను గదిలోకి వచ్చేసరికి పాప బల్ల దగ్గర నిలబడి ఉంది. బాక్సు ఉన్న చోట దుమ్ము లేని నాలుగు పలకల మచ్చ. దాని మీద చెంప ఆనించింది. కాసేపు చూసింది. తల ఎత్తి, నా చేయి పట్టుకుని లాక్కెళ్లి, నా చూపుడు వేలు విడదీసి, ఆ మచ్చ మధ్యలో పెట్టింది. మళ్లీ చెంప ఆనించి కళ్లు మూసుకుంది.

కాచుకుని ఉంది. బల్ల మీద నా వేలు అదిమి ఉంచాను. "నేనే, అమ్మని" అన్నాను. వేలు ఇంకొంచెం అదిమాను. అది కళ్లు తెరవలేదు, నవ్వలేదు. నేను వేలు తియ్యలేదు.